వాళ్లు పేకాటరాయుళ్లు, మేం టూరిస్టులం!

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం మీ పేపర్లో రెండు వార్తలు చదివాను. రెండూ ఒకే రోజు, ఒకే పేపర్లో. మొదటిది జిల్లా పేజీలో కింద మూలన ఉంది. నగర శివారులో ఒక లేఅవుట్ పక్కన చెట్ల కింద పేకాట ఆడుతున్న ఏడుగురు పేకాటరాయుళ్లను పోలీసులు పట్టుకున్నారు, 11,460 రూపాయల నగదు, ఆరు సెల్‌ఫోన్లు, మూడు బైకులు స్వాధీనం చేసుకున్నారు. ఫొటో కూడా వేశారు. ఏడుగురూ తలలు దించుకుని వరసగా నిలబడ్డారు, ముందు బల్ల మీద పేక ముక్కలు, పది, ఇరవై నోట్లు పరిచి ఉన్నాయి. పేర్లు, ఊళ్లు అన్నీ వేశారు. ఒకాయన లుంగీతోనే ఉన్నాడు పాపం, చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు.

రెండోది ఆదివారం అనుబంధంలో నిండు పేజీ. స్నేహితులతో వీకెండ్‌కి గోవా వెళ్తే ఏం చూడాలి, ఏం తినాలి, రాత్రి ఎక్కడ గడపాలి అని. మధ్యలో మాండోవి నది మీద దీపాలతో ధగధగలాడుతున్న క్యాసినో ఓడ ఫొటో, పక్కన అదృష్టం పరీక్షించుకోండి అని ఒక మాట.

ఆ పేజీ చూసేసరికి నేను ఆ ఓడ దిగి వచ్చి సరిగ్గా వారం రోజులైంది. అందుకే ఈ ఉత్తరం.

నేను అక్కయ్యపాలెంలో ఉంటాను, పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో లెక్కలు చూస్తాను. మేం ఐదుగురం పాలిటెక్నిక్‌లో కలిసి చదువుకున్నాం. ఇప్పుడు అందరికీ నలభై దాటింది, ఒకడికి బీపీ, ఇద్దరికి షుగరు. పేర్లు రాయను. మేం ఒకళ్లనొకళ్లం ఎలాగూ పేట పేరుతోనే పిలుచుకుంటాం కాబట్టి అలాగే రాస్తాను: గాజువాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, సీతమ్మధార. ఏడాదికొకసారి ఇంట్లోవాళ్లు లేకుండా ఎక్కడికైనా పోదాం అని పన్నెండేళ్లుగా అనుకుంటున్నాం, ఇప్పటికి అయింది రెండుసార్లు లంబసింగి, ఒకసారి అరకు, అంతే. ఈసారి మద్దిలపాలెం వాడు వాట్సాప్‌లో ఓడ ఫొటో ఒకటి పెట్టి "ఏటి బావా, ఎల్దామా" అన్నాడు, పది నిమిషాల్లో నలుగురూ బొటనవేలు పెట్టేశారు. ఆలోచించి పెట్టినవాడు ఒక్కడూ లేడు, నాతో సహా.

శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ మీదుగా విమానంలో వెళ్లాం. గోవాకి రెండు ఎయిర్‌పోర్టులున్నాయి, పాతది డబోలిం, రెండోది 2023 జనవరిలో మొదలైన మోపా. మాకు చవగ్గా దొరికింది మోపా టికెట్టు. అక్కడినుంచి పణజీకి టాక్సీ ఎక్కాక అర్థమైంది ఆ చవక ఎందుకో. సరే, ఇది మా తెలివితక్కువ, దీనికి మీరేం చేస్తారు.

పణజీ మాత్రం నాకు చాలా నచ్చింది, అది ముందే చెప్పాలి. నది ఒడ్డున నడక, పాత సచివాలయం భవనం, ఫాంటైన్యాస్ పేటలో పసుపు రంగు, నీలం రంగు ఇళ్లు, పెంకుల కప్పులు, ఒక చిన్న హోటల్లో తిన్న చేపల వేపుడు. శనివారం పగలంతా అలా తిరిగాం. అక్కడితో ఆపి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

పని ఓడల కాగితాలతోనే కాబట్టి సాయంత్రం జెట్టీ దగ్గర ఆ ఓడని చూడగానే నాకు మొదట వచ్చిన ప్రశ్న, ఇది ఎక్కడికి వెళ్తుంది అని. ఎక్కడికీ వెళ్లదు. నదిలో లంగరేసి అక్కడే ఉంటుంది, మనల్ని చిన్న పడవలో తీసుకెళ్లి ఎక్కిస్తారు, ఆ ప్రయాణం ఐదు నిమిషాలు కూడా లేదు, ఒడ్డు మీద బజ్జీలు వేయిస్తే ఓడలోకి వాసన వచ్చేంత దూరం. మరి నీళ్ల మీదే ఎందుకు అని సీతమ్మధార వాడిని అడిగితే (వాడు లెక్కల లెక్చరరు, అన్నీ చదువుతాడు) చట్టం అలా ఉందిరా అన్నాడు. గోవా జూద చట్టం 1976 నాటిది, 1992లో సవరణ చేసి ఫైవ్ స్టార్ హోటళ్లలో స్లాట్ మెషీన్లు పెట్టుకోనిచ్చారు, 1996లో ఇంకో సవరణతో నీళ్ల మీద ఓడల్లో టేబుల్ ఆటలకి దారి ఇచ్చారు. అంటే హోటల్లో మెషీన్‌తో ఆడుకోవచ్చు, మనిషి చేత్తో ముక్క పంచాలంటే మాత్రం కింద నీళ్లుండాలి. ఇది విని ఆ రోజు నవ్వుకున్నాం గానీ మీ జిల్లా పేజీ చూశాక అనిపించింది, ఆ ఏడుగురూ లేఅవుట్ పక్కన కాకుండా గోవాలో ఏ తెప్ప మీదో పుట్టి ఉండాల్సింది అని. ఆ ఓడలని నదిలోంచి తీయించేస్తాం అని అక్కడి ప్రభుత్వాలు ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నాయి, గడువు పొడిగిస్తూనే ఉన్నాయి.

తలకి 4,500 తీసుకున్నారు, వీకెండ్ రేటు. చేతికి ఆస్పత్రిలో కట్టినట్టు ఒక పట్టీ కట్టారు. అందులోనే భోజనం, మందు, స్టేజి మీద డ్యాన్సు, ఇంకా 1,000 రూపాయల చిప్స్ (నోట్లకి బదులు టేబుల్ మీద పెట్టి ఆడే బిళ్లలు) ఉచితం అన్నారు. ఆ చిప్స్ ఒక్కసారి ఆడటానికే పనికొస్తాయి, గెలిస్తే గెలిచింది ఇస్తారు, వాటిని కౌంటర్‌లో ఇచ్చి డబ్బు తీసుకుంటామంటే కుదరదు. పెళ్లిళ్లలో చదివింపులు రాయించుకుని తాంబూలం ఇచ్చినట్టు అన్నమాట.

లోపల ఏసీ, మెత్తటి తివాచీ, గడియారం ఎక్కడా లేదు, కిటికీ కూడా ఉన్నట్టు గుర్తులేదు. టేబుళ్ల చుట్టూ సగం తెలుగే వినపడింది. మన భాషలోనే ఒకాయన "ఇంకొక్క ఆట, అయిపోయింది, వచ్చేస్తున్నా" అని ఫోన్లో భార్యకి చెప్తున్నాడు, ఆవిడ ఏ ఊళ్లో ఉందో, ఎక్కడికి వచ్చేస్తున్నాడనుకుంటుందో. మన లోనా బయటా పేకాటని అక్కడ పెద్ద టేబుల్ మీద ఆడిస్తారు. సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన గుండాట, కోతముక్క ఎలా ఉంటాయో అందరికీ తెలుసు, ఇక్కడ అదే వ్యవహారం నల్ల కోటు వేసుకుని ఇంగ్లిషులో జరుగుతుంది.

అన్నిటికంటే నేను చూస్తూ ఉండిపోయింది ఆ చిప్స్‌ని. మా గాజువాక వాడు వెల్డింగ్ కాంట్రాక్టులు చేస్తాడు. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే వంజరం కిలోకి యాభై తగ్గించమని అరగంట బేరం ఆడే మనిషి, తగ్గించకపోతే బండి స్టార్ట్ చేసి మళ్లీ ఆపి మళ్లీ అడుగుతాడు. అలాంటివాడు కౌంటర్‌లో ఇరవై వేలు ఇచ్చి రంగు బిళ్లలు తీసుకున్నాక, ఒక్కో బిళ్ల వెయ్యి అన్న సంగతే మర్చిపోయాడు. వేలి మీద తిప్పుతున్నాడు, టకటకలాడిస్తున్నాడు, పిల్లలు గోళీలు పెట్టినట్టు పెడుతున్నాడు. నోటు అయితే తీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది కదండీ. బిళ్లకి ఆగదు. ఆ క్షణం తీసేయడానికే ఆ బిళ్ల కనిపెట్టారేమో అని నాకు డౌటు.

రౌలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ అంకె గడిలో పడుతుందో పందెం కాసే ఆట. చక్రంలో సున్నాతో కలిపి 37 గళ్లు, సున్నా కాక మిగతావి సగం ఎరుపు, సగం నలుపు. ఒక అంకె మీద వంద పెట్టి అది పడితే 35 వందలు ఇచ్చి మన వంద మనకి ఇస్తారు. సీతమ్మధార వాడు టేబుల్ దగ్గరే టిష్యూ పేపర్ మీద రాసి చూపించాడు: "ఒరేయ్, మొత్తం 37 అంకెల మీదా వందేసి పెట్టు, 3,700 అవుతుంది, ఏదో ఒకటి పడాల్సిందే కదా, నీ చేతికి వచ్చేది 3,600. ప్రతిసారీ వంద వాళ్లది. నువ్వు ఎన్ని తెలివితేటలు చూపించినా ఆ వంద ఎక్కడికీ పోదు." గాజువాక వాడు టిష్యూ తీసుకుని మూతి తుడుచుకున్నాడు.

పక్కన బోర్డు మీద ఇంతకుముందు పడిన అంకెలన్నీ చూపిస్తూ ఉంటారు. ఆరుసార్లు వరసగా ఎరుపు పడింది. ఇక నలుపు రాక తప్పదు అని మావాడు నలుపు మీద నాలుగు బిళ్లలు పెట్టాడు. బంతి చక్రం అంచున గిరగిరా తిరిగి, వేగం తగ్గి, రెండు మూడు గళ్ల మీద టకటకమని ఎగిరి ఒక దాంట్లో కూర్చుంది. ఎరుపు. ఆట నడిపించే అమ్మాయి పడిన అంకె మీద చిన్న గాజు గుర్తు పెట్టి, మిగతా బిళ్లలన్నీ ముంజేత్తో ఒక్క తుడుపు తుడిచేసింది, కల్లంలో గింజలు పోగేసినట్టు. మావాడు ఎనిమిది పెట్టాడు. మళ్లీ ఎరుపు. చక్రానికి ముందు పడింది గుర్తుండదురా, ప్రతిసారీ అది కొత్తగా పుడుతుంది, 1913 ఆగస్టు 18న మాంటెకార్లో క్యాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది, ఎరుపు వస్తుంది వస్తుందని పెట్టినవాళ్లు అందరూ మునిగిపోయారు అని మా లెక్చరరు చెప్తూనే ఉన్నాడు. ఆ అమ్మాయి షిఫ్ట్ అయిపోయి లేచేటప్పుడు రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూపించింది, ఏమీ దాచుకోలేదు అన్నట్టు. నాకెందుకో అది మా గాజువాక వాడి పరిస్థితి చెప్తున్నట్టు అనిపించింది.

రాత్రి రెండున్నర ప్రాంతంలో వాడు నా దగ్గరికి వచ్చాడు. "పోయిన చోటే వెతుక్కోవాలి బావా, ఒక్క ఇరవై సర్దు" అన్నాడు. ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ చెప్పలేను, వద్దంటే సరదా పాడుచేసినవాణ్ని అవుతానేమో అని, లేకపోతే నా తొమ్మిది వేలు కూడా అప్పటికే పోయాయి కాబట్టి వాడు గెలిస్తే నాకూ ఏదో వచ్చినట్టు ఉంటుందనో. ఆ ఇరవై ముప్పావు గంటలో అయిపోయింది. మొత్తం మీద వాడికి 86,000 పోయింది. అందులో ఎవరెవరికి ఇవ్వాల్సిన డబ్బు ఉందో నేను రాయను, వాడు మీ పేపరే తెప్పిస్తాడు.

గెలిచినవాడు కూడా ఉన్నాడు. మద్దిలపాలెం వాడికి 22,000 వచ్చింది. మా గ్రూపులో ఇప్పటికీ డీపీ వాడి చేతిలో బిళ్లల దొంతర ఫొటోనే. అది చూసి వాళ్ల ఆఫీసులో ఇంకో బ్యాచ్ టికెట్లు బుక్ చేస్తున్నారని విన్నాను. గాజువాక వాడి ఫొటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు, తియ్యాలని ఎవరికీ తోచలేదు. మీ అనుబంధంలో పేజీ రాసినాయనకి కూడా అలాంటి దొంతర ఫొటోలే కనపడి ఉంటాయి, ఆయన తప్పు కూడా కాదేమో.

నా వృత్తి లెక్కలు కాబట్టి పన్ను సంగతి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే మీ పేజీలో ఇది లేదు. 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినోలో చిప్స్ కొనడానికి పెట్టిన మొత్తం విలువ మీద 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. ఆ డబ్బు క్యాసినో వాళ్లు వాళ్ల ఇంట్లోంచి తేరు. గెలిస్తే దాని మీద ఆదాయపు పన్ను 30 శాతం. పోయిన డబ్బు గెలిచిన దాంట్లోంచి తీసేసి మిగిలిందే చూపిస్తాం అంటే చట్టం ఒప్పుకోదు. పదివేలు గెలిచి, మర్నాడు పదివేలు పోగొట్టుకున్నవాడికి చేతిలో మిగిలింది సున్నా, పన్ను లెక్కలో మాత్రం వాడికి పదివేలు ఆదాయం వచ్చినట్టే. పక్కింటాయన షేర్లలో పోతే కనీసం కొంత సర్దుకునే దారి ఉంది.

ఆదివారం పొద్దున్న మమ్మల్ని స్టేషన్‌కి తీసుకెళ్లిన టాక్సీ ఆయన యాభై ఏళ్ల మనిషి, పుట్టింది పెరిగింది పణజీలోనేనట. రాత్రి ఎలా ఉంది అని అడిగితే మద్దిలపాలెం వాడు ఉత్సాహంగా చెప్పి, మీరు ఎప్పుడూ వెళ్లలేదా అన్నాడు. మాకు రానివ్వరు కదా అన్నాడాయన. నిజమే, 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా వాళ్లు క్యాసినోలో ఆడటానికి వెళ్లకూడదని నిబంధన, బయటినుంచి వచ్చే టూరిస్టులకే. "మా ఇళ్లు పాడవకూడదని మాకు వద్దన్నారు సాబ్, మీ ఇళ్లు మీ ఊళ్లో ఉన్నాయి కదా" అన్నాడు హిందీలో, వెటకారంగా కూడా కాదు, మామూలుగా. వెనక సీట్లో గాజువాక వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

వచ్చేటప్పుడు అమరావతి ఎక్స్‌ప్రెస్. దూద్‌సాగర్ జలపాతం చూడాలని ముందే రైలుకి చేసుకున్నాం. వాస్కో నుంచి విశాఖకి ఒక రోజు పైనే ప్రయాణం, ఘాట్ ఎక్కి, హుబ్బళ్లి, బళ్లారి, గుంతకల్లు, నంద్యాల మీదుగా. జలపాతం పక్కనుంచే రైలు వెళ్తుంది, నీళ్ల తుంపర కిటికీలోంచి మొహం మీద పడింది, అందరం లేచి అరిచాం, గాజువాక వాడు తప్ప. తర్వాత గంటలు గంటలు మాటల్లేవు. ఎన్ఏడీ వాడు వాతావరణం తేలికపరుద్దామని బ్యాగులోంచి రెండు పేకలు తీశాడు, కింది బెర్తు మీద సూట్‌కేసు పెట్టి దుప్పటి పరిచాడు. పాయింటుకి పావలా రమ్మీ. ఫుల్ కౌంట్ ఇచ్చినా ఎనభై పాయింట్లు, ఇరవై రూపాయలు. రెండు ఆటలయ్యేసరికి గాజువాక వాడికి మొహంలో రంగు వచ్చింది, రెండు జోకర్లు పడితే పాత రోజుల్లోలాగా నాలుక కొరుక్కుని సీక్వెన్స్ పేర్చుకుంటున్నాడు.

నంద్యాలలో ఎక్కిన పెద్దావిడ ఒకావిడ సైడు బెర్తు మీద కూర్చుని జపమాల తిప్పుకుంటూ మమ్మల్నే చూస్తోంది. మధ్యలో చిల్లర లెక్కపెట్టుకోవడం కనపడ్డట్టుంది. ముందుకు వంగి, గొంతు తగ్గించి, "నాయనా, డబ్బులు పెట్టి ఆడకండి, పోలీసులు చూస్తే తీసుకుపోతారు. మా ఊళ్లో మొన్న ఇలాగే పట్టుకుని పేపర్లో వేశారు, పిల్లకి సంబంధం తప్పిపోయింది" అంది. ఐదుగురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ముక్కలు ఎత్తేశాం. చిల్లర జేబుల్లో వేసుకున్నాం. అప్పుడు గాజువాక వాడు నవ్వడం మొదలుపెట్టాడు, శనివారం రాత్రి తర్వాత మొదటిసారి, నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ పెద్దావిడ ఏమనుకుందో గానీ మంచినీళ్ల సీసా ఇచ్చింది. (ఉత్తరం పెద్దదైంది, ఎక్కడైనా కోసుకోండి, ఈ రైలు ముక్క మాత్రం తీయకండి.)

రమ్మీలో నైపుణ్యం ఉందని, మూడు ముక్కలాట లాంటిది ఒట్టి అదృష్టమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. తర్వాత 2020లో మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. జూదం కొంపలు కూలుస్తుందనే కదా ఇదంతా. నేను కాదనడం లేదు, లుంగీ ఆయన ఇంట్లో ఆ రోజు బియ్యం ఉన్నాయో లేదో నాకు తెలియదు, ఆ ఏడుగురినీ పూలదండలేసి పంపించమని కూడా అనను. కానీ వాళ్లందరి జేబుల్లో కలిపి దొరికింది 11,460. మా ఒక్కడికి ఒక్క రాత్రి పోయింది 86,000. వాళ్లకి మీరు రాయుళ్లు అని బిరుదిచ్చారు, మాకు ట్రావెల్ పేజీ ఇచ్చారు.

ఇంకోటి గమనించారా, ఇలాంటి దాడుల వార్తల్లో చివరి వాక్యం తరచుగా ఒకటే: నిర్వాహకుడు పరారీలో ఉన్నాడు. ఆడినవాడి పేరు, తండ్రి పేరు, వీధి పేరు అన్నీ ఉంటాయి, ఆడించినవాడు మాత్రం చెట్ల మధ్యలోంచి ఎలా పోయాడో పోతాడు. ఆ పెద్దావిడ చెప్పిన పిల్ల ఎవరో నాకు తెలియదు, ఆ వార్త మీ పేపర్లో వచ్చిందో వేరేదాంట్లో వచ్చిందో కూడా తెలియదు. ఆడినవాళ్ల ఫొటోలు, పేర్లు వేయకుండా వార్త వేస్తే పోలీసులకీ నష్టం లేదు, మీకూ నష్టం లేదు. పేరు వేయాలంటే ఆడించినవాడిది వేయండి, వాడు దొరికాక వేయండి.

ట్రావెల్ పేజీ ఆపేయమనడం లేదు. వెళ్లేవాళ్లు వెళ్తారు, నేనూ వెళ్లాను, పణజీ మళ్లీ వెళ్తాను కూడా. హోటల్ రేటు రాసినట్టే, టాక్సీ రేటు రాసినట్టే, ఆ ఓడ ఖర్చు కూడా రాయండి: టికెట్టు ఎంత, ఉచితం అన్న చిప్స్ నగదు కావు, పన్ను ఎంత, 37 గళ్లకి 35 రెట్లే ఇస్తారు. నాలుగు లైన్లు చాలు. అరకు కాఫీ గురించి రాసినప్పుడు గ్రాముల లెక్క కూడా ఇచ్చిన పేపర్ మీది.

ఇక వైజాగ్‌ని మరో గోవా చేస్తాం అనే మాట. ఈ మాట నేను పోర్టులో చేరినప్పటినుంచి వింటున్నాను, ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మనకి ఓడలంటే మోజు, అది ఒప్పుకోవాలి. 2020 అక్టోబరులో గాలికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద పడ్డ బంగ్లాదేశ్ ఓడనే వదల్లేదు, సెల్ఫీల కోసం నేనూ వెళ్లాను, దాన్ని రెస్టారెంటు చేస్తామన్నారు. 2022 జూన్‌లో కార్డీలియా విహార నౌక మొదటిసారి మన పోర్టుకి వచ్చినప్పుడు మా ఆఫీసంతా డాబా ఎక్కి చూశాం. ఇక్కణ్ణుంచి వెళ్లిన అదే ఓడని పుదుచ్చేరిలో ఆగనివ్వలేదు, అందులో క్యాసినో ఉందన్న అభ్యంతరం కూడా ఒక కారణం. 2023 సెప్టెంబరులో మనకి క్రూయిజ్ టెర్మినల్ కూడా వచ్చింది. రావాలి, నాకు పని పెరుగుతుంది, టాక్సీ వాళ్లకి, హోటల్ వాళ్లకి, బీచ్‌లో ముంత మసాలా అమ్మేవాళ్లకి కూడా. కానీ గోవా అన్నప్పుడల్లా నాకు ఇప్పుడు ఆ టాక్సీ ఆయనే గుర్తొస్తాడు. ఇక్కడ కూడా అలాంటి ఓడ ఒకటి లంగరేస్తే మన వాళ్లని రానిస్తారా, రానివ్వరా? రానివ్వకపోతే ఎందుకు రానివ్వరో అదే కారణం రాయగడ నుంచో, రాయ్‌పూర్ నుంచో వచ్చేవాడికి ఎందుకు వర్తించదు? రానిస్తే మా గాజువాక వాడికి ఇక విమానం టికెట్టు కూడా అక్కర్లేదు, సిటీ బస్సు చాలు. ఈ ప్రశ్న ఈసారి మరో గోవా అన్న పెద్దమనిషిని మీ విలేకరి చేత అడిగించండి.

వాడికి ఇచ్చిన ఇరవై వేలు నేను అడగలేదు. వాడు మొన్న ఐదు వేలు ఫోన్‌పే చేసి, మిగతాది దసరాకి అన్నాడు.

ఒక విన్నపం. ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి, ఒక పాఠకుడు, విశాఖపట్నం అని మాత్రం వేయండి. ఆ ఏడుగురికి ఇవ్వని సదుపాయం నాకు ఇమ్మంటున్నానని నాకు తెలుసు. కానీ గాజువాకలో వాళ్లావిడ ఇంకా మేం అరకు వెళ్లొచ్చామనే అనుకుంటోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం